పంటి మీద పూత: హదీసు హెచ్చరిక ఎవరికి?

ఈమధ్య మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో పళ్లకు సంబంధించినవి ఎక్కువయ్యాయి. ముందు పళ్ల మీద డాక్టరు తెల్లటి పూత వేసి సరిచేస్తాడట, అది జాయెజా, నాజాయెజా అని అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువమంది తల్లులు. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన అమ్మాయి ఉంటుంది. ఖాలా వచ్చి పూత వేయించమంటుంది. పెదనాన్న వచ్చి, పళ్లు మార్చుకునే స్త్రీలపై శాపం ఉందని హదీసు వినిపిస్తాడు. వీరిద్దరి మధ్యా ఆ పిల్ల నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంటుంది.

హదీసు వినిపించేవారి ఉద్దేశం మంచిదే. అయితే ఆ హదీసు ఏ పనిని వారించిందో, డాక్టరు చేసే పని ఏమిటో రెండూ తెలుసుకోకుండా ఫత్వా ఇవ్వడం మంచిది కాదు.

దంత వైద్యులు ఈ పూతను కాంపోజిట్ బాండింగ్ అంటారు. రెసిన్ అనే ప్లాస్టిక్ జాతి పదార్థంలో మెత్తటి గాజు పొడి కలిపిన ముద్ద ఇది. పంటి రంగులోనే ఉంటుంది. ముందుగా పంటి పైపొర, అంటే ఎనామిల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని కొన్ని సెకన్లు ఉంచి కడిగేస్తారు. దానితో కంటికి కనబడని గరుకు ఏర్పడుతుంది. పాత గోడకు సిమెంటు పూసే ముందు మేస్త్రీ గాట్లు పెట్టడం చూశారు కదా, ఇదీ అలాంటిదే. ఆ గరుకు మీద జిగురు రాసి, ముద్దను పొరలు పొరలుగా అద్ది, నీలికాంతి చూపిస్తే గట్టిపడుతుంది. తర్వాత నునుపు చేస్తారు. ఆమ్లంతో గరుకు చేసే ఉపాయాన్ని 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే అమెరికా దంత వైద్యుడు చూపాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు రాఫెల్ బోవెన్ అనే శాస్త్రవేత్త దానికి తగిన రెసిన్ తయారుచేశాడు. మన విషయానికి ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ పద్ధతిలో పంటికి కొంత చేర్చడమే గాని, పంటిని అరగదీయడం చాలాసార్లు ఉండదు. ఉన్నా బహు స్వల్పం.

ఇక హదీసు సంగతి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. పచ్చబొట్లు పొడిచేవారు, పొడిపించుకునేవారు, ముఖం మీది వెంట్రుకలు పీకించుకునేవారు, అందం కోసం పళ్ల మధ్య సందులు చేయించుకునేవారు, ఇలా అల్లాహ్ సృష్టిని మార్చే స్త్రీలపై శాపం ఉందని దాని సారాంశం. ఆనాటి అరబ్బుల్లో ముందు పళ్ల మధ్య సన్నటి సందు పడుచుదనానికి గుర్తు. వయసు మళ్లిన స్త్రీలు చిన్నవారిగా కనబడాలని మంచి పళ్లను ఆకురాయితో అరగదీయించుకునేవారు. (ఇప్పుడు మనవాళ్లు అదే సందును పూడ్పించడానికి డబ్బులిస్తున్నారు. అందం కొలతలు ఎంత త్వరగా తిరగబడతాయో చూడండి!) ఈ హదీసులో 'అందం కోసం' అనే మాట ఉన్నందున నిషేధం దానికే వర్తిస్తుందని, చికిత్సకో పంటిలోని లోపానికో అవసరమైతే తప్పులేదని ఇమాం నవవీ (రహ్మ) ముస్లిం వ్యాఖ్యానంలో స్పష్టం చేశారు. కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టించుకొమ్మని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పారు. మామూలుగా పురుషుడికి బంగారం నిషిద్ధం. ముఖంలోని లోపాన్ని సరిచేయడానికి అది కూడా అనుమతించబడింది. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ కూడా పుట్టుకతో వచ్చిన లోపాలను, తర్వాత కలిగిన లోపాలను సరిచేయించుకోవడం అనుమతించదగినదేనని తీర్మానించింది.

ఇప్పుడు నల్గొండకు రండి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు తిరిగినవారికి గారపళ్లు అంటే వివరించనక్కర్లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదు. అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లు తాగి అక్కడ తరాలు పెరిగాయి. ఫ్లోరోసిస్ ఈనాటి జబ్బు కాదు. మన దేశంలో దీన్ని వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. ఎనిమిదేళ్ల లోపు, చిగురు కింద పన్ను తయారవుతున్న వయసులోనే ఫ్లోరైడు ఎనామిల్‌ను చెరుపుతుంది. సుద్దమచ్చలు, ఆపై పసుపు, గోధుమరంగు చారలు, ముదిరితే గుంటలు. బ్రష్షుతో పోవు, మిస్వాక్‌తో పోవు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో ఆ ఊళ్లకు కృష్ణా నీరు వచ్చింది. అది పసిపిల్లలకు మేలు. అప్పటికే ఆ వయసు దాటిన పిల్లల పళ్లను ఏ నీరూ మార్చలేదు. వారిలో చాలామంది ఈనాడు పెళ్లీడులో ఉన్నారు. 'పళ్లు తోముకోదేమో, మురికి పిల్ల' అని పెళ్లిచూపుల్లో చెవులు కొరుక్కుంటారు. ఆ పిల్ల ఏం పాపం చేసింది? సర్కారు బోరు నీళ్లు తాగడం తప్ప!

అలాంటి పిల్ల పూత వేయించుకుంటే సృష్టిని మార్చినట్టు కాదు. చెడిపోయినదాన్ని సరిచేసుకున్నట్టు. సైకిల్ మీద నుంచి పడి ముందు పన్ను సగం విరిగిన కుర్రవాడి విషయమూ ఇంతే. ఇది మా నిశ్చితాభిప్రాయం. అయితే డాక్టరును రెండు మాటలు అడగాలి. మచ్చలు తేలికైనవైతే పైపైన రుద్ది తగ్గించే పద్ధతి, తెల్లబరిచే పద్ధతి ముందు చూడవచ్చా? ఎనామిల్ బాగా దెబ్బతిన్నచోట పూత అంత గట్టిగా పట్టదు కనుక తన పంటికి ఎంతకాలం నిలుస్తుంది?

మేము ఒప్పుకోనిది వేరే ఉంది. శుభ్రంగా, గట్టిగా ఉన్న పళ్లను చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర చెక్కి, తెల్లటి తొడుగులు తొడిగించుకోవడం. చెక్కిన ఎనామిల్ మళ్లీ పెరగదు. ఇక బతికినంతకాలం తొడుగు మీద తొడుగే. సినిమావాళ్ల నవ్వు కావాలని ఇరవై ఏళ్ల పిల్లలు ఇందుకు దిగితే, ఆనాటి ఆకురాయికీ దీనికీ మాకు తేడా కనబడటం లేదు. పళ్ల మధ్య సన్నటి సందునూ మేము లోపమనలేము. మాట తొట్రుపడేంత సందైతే అది వేరు.

గుసుల్ గురించి కూడా అడుగుతున్నారు. హనఫీ మజ్‌హబ్‌లో గుసుల్‌కు నోరు పుక్కిలించడం ఫర్జ్. పూత కింద పంటికి నీరు తగలదు కదా అని సందేహం. ఊడదీయడానికి వీల్లేకుండా అతికినది పంటిలో భాగమే, దాని మీద నీరు పారితే చాలునని ముఫ్తీలు చెబుతున్నారు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లయితే తీసి పుక్కిలించాలి.

ఇక రిష్తా విషయం. పూత వేయించిన సంగతి పెళ్లికొడుకు తరఫువారికి చెప్పాలా? చెప్పాలి. లోపం దాచి నికాహ్ చేయడం షరీయత్ మెచ్చే పని కాదు. పైగా ఇది దాగేది కూడా కాదు. ఈ పూత సాధారణంగా ఐదు నుంచి ఏడెనిమిదేళ్లు నిలుస్తుంది. చాయ్ మరకలు పడతాయి, గట్టివి కొరికితే అంచు పెచ్చులూడుతుంది. కాని చెప్పడం ఒక్కవైపే ఎందుకు? గుట్కాతో, జర్దాతో పళ్లు ఎర్రబారిన అబ్బాయిని ఎవరూ నోరు తెరవమని అడగరు. అమ్మాయి పళ్లు నీటి వల్ల చెడితే మాత్రం, అవి బాగుచేయించాకే మాట్లాడదాం అని కబురు పంపుతారు. ఫ్రిజ్, బండి, బంగారం జాబితాలో ఇప్పుడు పళ్ల ఖర్చు కూడా చేరింది. ఆ తండ్రి కూలీ అయితే ఎక్కడ తెస్తాడు? పూత కోరేది అబ్బాయి ఇంటివారే అయితే ఖర్చూ వారే పెట్టుకోవాలి. కొన్నేళ్లకు మళ్లీ వేయించవలసి వచ్చినప్పుడు ఆ ఖర్చు ఎవరిదో కూడా మహర్ మాట్లాడుకునే రోజునే పెద్దల ముందు తేల్చుకోవాలి.