భయానక చిత్రములు – భోగినాటి అనుభవము



గడచిన మాసమున ఈ పుటయందు మాగాయ నిలువయుంచు విధమును గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున మా వ్యసనమొకదానిని మీ యెదుట ఒప్పుకొనదలచితిమి. మాకు దెయ్యముల సినిమాలన్న మిక్కిలి ప్రీతి. ఏలూరిలో ఒక బడిపంతులుగారి యిల్లాలు, చిన్ననాట తాతగారియొద్ద భారతమును కావ్యములను వల్లించినది, రాత్రి వంటయిల్లు కడిగి, అత్తగారికి మందిచ్చి, దీపమార్పి, సెల్‌ఫోను చేతబట్టుకొని దెయ్యముకొఱకు కనిపెట్టుకొని కూర్చుండునని వినినచో మీరు నవ్వుదురు. నవ్వినను సరియే. కాని కడవఱకు చదువుడని మా ప్రార్థన.

భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పి, భయానకమును వానిలో నొకటిగా నిలిపెను. భయము స్త్రీలకును నీచపాత్రలకును సహజమనియు ఆయనయే సెలవిచ్చెను. మునికి నమస్కరించియే ఒక మాట మనవి చేసెదము. మా యింట తలుపు గడియవేసి, భయమును పిలిచి పీటవేసి కూర్చుండబెట్టునది మేము. పదవతరగతి పిల్లలను కనుచూపుతో అణచగల మావారు, దెయ్యము రాకమునుపే మంచినీళ్ల నెపమున లేచి పోవుదురు. బీభత్సమునుండి భయానకము పుట్టునని ముని చెప్పినమాటను పట్టుకొని నేటివారు పెక్కండ్రు నెత్తురును కుండలతో కుమ్మరించుచున్నారు. అది మాకు రుచింపదు. రోతపుట్టినచోట కన్ను మూసికొందుము. భయముపుట్టినచోట కన్ను మూయలేము. ఈ భేదము తెలిసినవారి చిత్రములే మాకు నచ్చును.

అట్టివానిలో మొదట చెప్పదగినది 1992 నాటి ‘రాత్రి’. రాంగోపాల్ వర్మగారు తీసిన యీ చిత్రమున రేవతిగారు నాయిక. ఖాళీయైన సినిమాశాలలో ఆమె ఒంటరిగా మిగులు ఘట్టమును మేము మూడుసార్లు చూచితిమి. మూడుసార్లును వీపు గోడకు ఆనించియే చూచితిమి. అచ్చట దెయ్యము కనబడుటకంటె, కనబడునేమోయని మనమే చీకటిని వెదకుట యెక్కువ. 2009 నాటి ‘అరుంధతి’ వేఱొక తెఱగు. దానిని తీసిన కోడి రామకృష్ణగారు మన గోదావరిజిల్లా పాలకొల్లువారు, 2019లో స్వర్గస్థులైరి. అందలి జేజమ్మ తన యెముకలే ఆయుధమగునట్లు ప్రాణమర్పించును. ఇంద్రునికి వజ్రాయుధముకొఱకు ఎముకలిచ్చిన దధీచి కథ ఎరిగినవారికి అది వెంటనే స్ఫురించును. దధీచి స్థానమున ఒక ఆడుదానిని నిలిపినందులకు మేము ఆ చిత్రమునకు మ్రొక్కుదుము. 2021లో సినిమాశాలలకు పోకయే నేరుగా మన యిండ్లకు వచ్చిన ‘మా ఊరి పొలిమేర’ చేతబడి కథ. పల్లెటూరి మాటతీరు చక్కగా కుదిరినది. 2022 నాటి ‘మసూద’లో తండ్రి తోడులేని యింట ఉపాధ్యాయినియైన తల్లి తన కూతురికొఱకు పడు వేదనయే మాకు దెయ్యముకంటె మిన్నగా తోచెను.

ఒక కిటుకు చెప్పెదము. భయము మిక్కుటమైనచో ధ్వనిని పూర్తిగా తగ్గించి చూడుడు. దెయ్యము వట్టి వేషధారియై నిలుచును. 1960 నాటి ‘సైకో’ అను ఆంగ్లచిత్రమున స్నానపుగదిలోని హత్యకు వాద్యములే వలదని దానిని తీసిన హిచ్‌కాక్ మొదట తలచెనట. సంగీతకర్తయైన హెర్మన్ వాయులీనములతో స్వరము కట్టి వినిపింపగా మనసు మార్చుకొనెను. నేడు ఆ ఘట్టమును తలచినవారికి కత్తికంటె ముందు ఆ తీగల కీచుమ్రోత జ్ఞప్తికి వచ్చును. భయము చెవిత్రోవన వచ్చి కంటికి చేరునని దీనివలన తెలియుచున్నది.

ఇక మా ఫిర్యాదు. ఈ చిత్రములలో దెయ్యము పట్టునది తఱచుగా ఎవరిని? పడుచుపిల్లను, క్రొత్తకోడలిని. విడిపించునది ఎట్లు? కట్టివేసి, పొగపెట్టి, కొట్టి. దీనికి ఎదురునడచిన కథ ఒకటి కలదు. 1993లో మలయాళమున ఫాజిల్‌గారు తీసిన ‘మణిచిత్రత్తాళు’లో ఇల్లాలిని పట్టినది దెయ్యము కాదు, మనోవ్యాధియని వైద్యుడు తేల్చును. అందు నటించిన శోభనగారికి జాతీయ బహుమానము వచ్చెను. అదియే 2004లో కన్నడమున ‘ఆప్తమిత్ర’గను, 2005లో అరవమున ‘చంద్రముఖి’గను వచ్చెను. మలయాళచిత్రమున ఆ నర్తకి అరవము మాటలాడును. అరవచిత్రమున తెలుగు మాటలాడును. పొరుగింటి పుల్లకూర రుచి యన్నది దెయ్యముల విషయమునను నిజమేనని నవ్వుకొంటిమి. అయినను, ఇంతటి కథలోను కడకు మంత్రతంత్రముల సందడి లేక ముగింపు కుదరలేదు. చూచినవారికి వైద్యుని మాటకంటె ఆ సందడియే మనసున నిలుచును. ఇది ఎంత నిజమో మాకు మా యింటనే తెలియవచ్చెను.

మా చెల్లెలిది తాడేపల్లిగూడెము. దాని కూతురికి పదునారేండ్లు, ఇంటర్మీడియెటు చదువుచున్నది. సంక్రాంతి సెలవులకు నాయనమ్మ ఊరికి పోవుచు, దారిలో మాయొద్ద రెండుదినములు నిలిచెను. “పెద్దమ్మా! నీవు చూచు దెయ్యాల సినిమాలు నాకును చూపించవూ!” అని మారాము చేసెను. మాకును తోడు దొరికెనుగదాయని సంబరము. రెండు రాత్రులును తెల్లవాఱుజాము మూడుగంటలవఱకు మేలుకొంటిమి. రెండవరాత్రి చూచినది ‘మసూద’. భోగిమంట చల్లారినపిదప పిల్ల కొల్లేటి లంకలలోని నాయనమ్మయింటికి బయలుదేరిపోయెను.

మఱునాడు పండుగపూట, వేకువజామున ముగ్గుపెట్టుచు పిల్ల వెనుకకు విరుచుకొనిపడినది. కాలుసేతులు కొట్టుకొన్నవి, నోట నురుగు వచ్చినది. నాయనమ్మ చేతిలో తాళపుచెవులు పెట్టెను. తెలివివచ్చిన పిల్ల ఎవరినో చూచినట్లు చూచి, పొంతనలేని మాటలాడెను. సాయంకాలమునకు మఱల పడెను. “ఏలూరిలో దెయ్యాల సినిమా చూచివచ్చినది, జడుసుకొన్నది, గాలి సోకినది” అని యింటివారు తీర్మానించిరి. ఆ రాత్రియే మంత్రగాని పిలిపించిరి. వేపమండలు, మిరపకాయల పొగ, చెంపదెబ్బలు. పొగకు పిల్ల ఉక్కిరిబిక్కిరియై కేకలు వేయగా, దెయ్యము కేకలు వేయుచున్నదనిరి.

మాకు కబురు కనుమనాటి ఉదయమున వచ్చెను. కనుమనాడు కాకియైనను కదలదందురు. మావారును మేమును కైకలూరువఱకు బస్సులోను, అచ్చటినుండి చేపలచెఱువుల గట్లవెంట ఆటోలోను పోయితిమి. పిల్ల కన్నులు వాచియున్నవి. మమ్ము చూచి, “పెద్దమ్మా! నాకేమీ కనబడలేదు, నాకేమీ వినబడలేదు, వీరికి చెప్పవూ” అనెను. ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు. నాయనమ్మగారు మాత్రము, “అమ్మాయీ! నీ యింట చూచిన సినిమాయేకదా దీనికి కారణము?” అని ముఖముమీదనే అడిగిరి. మేము మాఱుమాట చెప్పలేకపోతిమి. “అత్తయ్యగారూ! తప్పు నాదే అనుకొనుడు. దండన నాకు వేయుడు. పిల్లను మాత్రము వైద్యునికి చూపనీయుడు” అని చేతులు పట్టుకొంటిమి. ఆమెయు తల్లియే కదా. కన్నీరు పెట్టుకొని సమ్మతించిరి.

ఏలూరిలో వైద్యులు మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపు పరీక్ష చేయించి, ఇది అపస్మారము, అనగా మూర్ఛరోగమనియు, మాత్రలు ఒక్కపూటయైనను మానక వేసికొనవలెననియు చెప్పిరి. “సినిమావలన వచ్చినదా?” యని మేము అడిగితిమి. “సినిమాలోని దెయ్యమువలన రాలేదు. వ్యాధి లోపల ఉన్నవారికి నిద్రలేమి నిప్పురవ్వవంటిది. రెండు రాత్రులు మేలుకొన్నది కదా” అనిరి. నాయనమ్మగారి మాటలో సగము నిజమేనని అప్పుడు గ్రహించితిమి. దెయ్యమును మేము తేలేదు. నిద్రను మాత్రము మేమే చెఱచితిమి.

ఈ సందర్భమున ఏలూరివారమెవ్వరమును మఱువని సంగతియొకటి మనసునకు వచ్చెను. 2020 డిసెంబరు మొదటివారమున మా పట్టణమున ఉన్నట్టుండి జనులు మూర్ఛవచ్చి వీధులలో పడిపోయిరి. పిల్లలు, పెద్దలు, ఆడువారు, మగవారు, ఆఱువందలకు పైబడి ఆసుపత్రి చేరిరి. పెక్కండ్రు త్వరలోనే కోలుకొనిరి. రక్తమున సీసము, నికెలు అను లోహములు కనబడినవనియు, పురుగుమందుల జాడ కలదనియు పరిశోధకులు చెప్పిరి. ఆనాడు నీరు పరీక్షించిరి, కూరగాయలు పరీక్షించిరి, పాలు పరీక్షించిరి. మా యెరుకలో ఏ యింటను మంత్రగాని పిలువలేదు. అదే నురుగు, అదే విరుపు. వందలమందికి వచ్చినప్పుడు రోగమనుకొన్నదానిని, ఒక్క ఆడుపిల్లకు వచ్చినప్పుడు దెయ్యమనుచున్నాము. ఇదెక్కడి న్యాయము?

విరాటపర్వమును తలచుకొనుడు. నర్తనశాలలో రాత్రివేళ కీచకుడు మాంసపుముద్దగా పడియుండుట చూచి, ఇది గంధర్వుల పనియని అందఱును నమ్మిరి. చంపినది భీముడు. అయినను ఉపకీచకులు ద్రౌపదిని కట్టి కీచకుని శవముతో దహింప మోసికొనిపోయిరి. తెలియనిదానికి నింద మోయవలసినది ఆడుది. 2023 నాటి ‘విరూపాక్ష’లో క్షుద్రపూజలు చేసిరను అనుమానమున దంపతులను ఊరివారు సజీవముగా కాల్చుదురు. చూచినప్పుడు మాకు వెన్ను జలదరించినది అచ్చటనే. ఇది వట్టి కల్పనయు కాదు. మంత్రగత్తెయను నిందను ఆపుటకు బీహారున 1999లోనే చట్టము చేయవలసివచ్చినది. మహారాష్ట్రమున 2013లోను, కర్ణాటకమున 2017లోను క్షుద్రాచారములను నిషేధించుచు చట్టములు వచ్చినవి.

కావున సోదరీమణులు ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకొనవలెను. మూర్ఛవచ్చినవారిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, తలక్రింద మెత్తని బట్ట పెట్టుడు. నోటిలో చెంచాగాని నీరుగాని పెట్టకుడు; కాలుసేతులు అదిమిపట్టకుడు; తాళపుచెవులవలన ప్రయోజనము లేదు. గడియారము చూడుడు, అయిదు నిమిషములు దాటినను, తెలివిరాకమునుపే మఱల వచ్చినను వెంటనే 108కి ఫోను చేయుడు. ప్రపంచమున అయిదుకోట్లమందికి ఈ వ్యాధి కలదు. సరియైన చికిత్స దొరికినచో నూటికి డెబ్బదిమంది మూర్ఛలు లేక బ్రదుకగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మఱియొక మాట. పురుడుపోసికొన్న రెండువారములలోపల బాలింత నిద్రమాని, లేనివి కనబడుచున్నవనియు వినబడుచున్నవనియు చెప్పినచో, దానిని గాలిచేష్టయనకుడు. వేయిమంది బాలింతలలో ఒకరిద్దఱికి వచ్చు వ్యాధియది, నయమగును, కాని ఆలస్యము చేసినచో తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము. మనసునకు సంబంధించిన యే బాధకైనను 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము దీనిని నెలకొల్పినది.

దెయ్యముల చిత్రములు మానితిరాయని అడుగుదురేమో. మానలేదు. వేళ మార్చుకొంటిమి. సాయంకాలము ఆఱింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించుచున్నాము. పిల్లలు కూర్చున్నప్పుడు, చిత్రము ముగిసినపిదప దీపము వేసి, “ఈ పిల్లకు నిజముగా ఇట్లయినచో మనమేమి చేయవలెను?” అని అడుగుచున్నాము. మొదట మావారు, “ఇక్కడకూడ పరీక్షయేనా!” అని నవ్విరి. ఇప్పుడు ఆయనయే కూర్చుండి అడుగుచున్నారు. మంచినీళ్లకు పోవుట తగ్గినది.

మొన్నటి ఆదివారము పిల్ల మఱల మా యింటికి వచ్చెను. మాత్రలు వేసికొనుచున్నది, ఆఱునెలలనుండి మూర్ఛ రాలేదు. వెంట నాయనమ్మగారును వచ్చిరి. సాయంకాలము ‘అరుంధతి’ పెట్టితిమి. మంత్రగాడు కనబడగానే నాయనమ్మగారు, “వీనిని ఆపివేయుము, తరువాతిది పెట్టుము” అనిరి. తొమ్మిదిగంటలు కొట్టినది. పిల్ల మాత్ర వేసికొని, మా ప్రక్కనే పడుకొని, తెల్లవాఱువఱకు హాయిగా నిద్రపోయెను.