చెవికి శ్రుతి పెట్టుకోవటం

మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమ మూతకు రవ్వముద్ద అంటించి, వాయించి చూచి, అధికమైతే గోకి తీసివేయటం మీలో చాలామంది చూచే ఉంటారు. ఆ ముద్ద లేనిదే గంభీరనాదం రాదు. ఎక్కువైతే వాద్యం మొద్దుబారుతుంది. చెవిలో దూర్చుకొనే ఖరీదైన ఇయర్‌ఫోనుల గురించి నా అభిప్రాయమంతా ఆ రవ్వముద్దలోనే ఉంది. (కొందరు మిత్రులు వీటికి కర్ణపుష్పాలనీ, చెవిమొగ్గలనీ పేర్లు పెట్టారు. ముచ్చటగానే ఉన్నవి గాని, అంగడిలో అడిగితే పూలకొట్టు చూపిస్తారు. నేను ఇయర్‌ఫోనులనే అంటాను.)

నా వద్దనున్నవి ఎటిమోటిక్ ఈఆర్4ఎస్‌ఆర్. ఈఆర్4 వరుస 1991లో మొదలైంది. నాది 2016లో వెలువడిన రూపం, కొన్నది 2017లో. లోపల ఉన్నది ఒకే ఒక బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్. చెవికి అయిదేసి, పదేసి చొప్పున అమర్చి అమ్మే ఈ రోజుల్లో ఇది దారిద్ర్యంగా తోచవచ్చు. పింఛను సొమ్ము దీనిమీద తగలేయటం మా ఇంట నేటికీ చర్చనీయాంశమే.

2021లో కుడివైపు ధ్వని క్రమంగా సన్నగిల్లింది. అరవైకి చేరినవాడికి ముందుగా కలిగే అనుమానం యంత్రం మీద కాదు, తనమీద. ఎవరికీ చెప్పక, ఫోనులో కుడివైపు స్థాయి కొంచెం కొంచెం పెంచుకొంటూ కొన్ని వారాలు గడిపాను. చెవి పోతున్నదన్న దిగులు ఎటువంటిదో, జీవితమంతా వినికిడిమీద ఆధారపడి ఉచ్చారణ దిద్దినవాడికి తెలుస్తుంది. ఒకనాడు పరధ్యానంలో కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టుకొన్నాను. సన్నధ్వని ఎడమచెవికి మారింది! నా చెవికి ఏ లోపమూ లేదు. ఇయర్‌ఫోను కొనలోని ఆవగింజంత ఫిల్టరు నా చెవి గుబిలితోనే పూడిపోయింది. పరికరంతో దాన్ని పెరికి, కొత్తది బిగించగానే యథాస్థితి. ఇన్ని వారాలూ నేను శ్రుతి చేసుకొన్నది నా అశ్రద్ధకు!

కనుక ఈక్వలైజరు తెరవక ముందు ఫిల్టరు చూడండి, ఆపైన రబ్బరు తొడుగు చూడండి. మూడు గొడుగులు పేర్చినట్లుండే ఆ తొడుగును కొద్దిగా తడిచేసి, లోతుగా, నెమ్మదిగా దూర్చాలి. పక్కన వెంట్రుకవాసి సందున్నా మంద్రం అంతా జారిపోతుంది. 'దీనిలో బాస్ లేదు' అని ఈసడించేవారిలో సగంమందికి తొడుగే కుదరలేదని నా నమ్మకం. నెలలతరబడి వాయిస్తే యంత్రం 'పదునెక్కుతుంది' అన్న మాటను కూడా నేను నమ్మను. పదునెక్కేది, అలవాటుపడేది మన చెవే.

ఇక అసలు వివాదం. తెరచి ఉన్న చెవి తానే ఒక గొట్టం. సుమారు 2700 హెర్ట్జ్ ప్రాంతంలోని ధ్వనిని పెంచి కర్ణభేరికి అందిస్తుంది. ఇయర్‌ఫోనుతో మూసివేయగానే ఆ సహజానునాదం చెడుతుంది. తయారుచేసేవారు ఆ పెంపును తామే కల్పించాలి. ఎంత కల్పించాలి, దానికి దీటుగా మంద్రం ఎంత ఉంచాలి అన్నదే తగవు. హార్మన్ సంస్థలో షాన్ ఓలివ్ బృందం శ్రోతలకు వినిపించి, ఎక్కువమందికి నచ్చిన లక్ష్యరేఖ ఒకటి గీసింది. అందులో మంద్రం హెచ్చు. ఆ పరిశోధన పట్ల నాకు గౌరవమే. కాని 'ఎక్కువమందికి నచ్చినది' అన్న మాటకు 'సరియైనది' అని అర్థం చెప్పి, ప్రతి ఇయర్‌ఫోనునూ ఆ రేఖమీదికి ఈడ్చటం నాకు సమ్మతం కాదు.

నా పరీక్ష వేరు. శ, ష, స లు మూడూ మూడుగా వినబడాలి. సకారపు బలమంతా దాదాపు 4000 హెర్ట్జ్‌కు పైన. శ, షల బలం అంతకంటె కిందనే మొదలవుతుంది. మంద్రాన్ని అతిగా పెంచితే ఈ సూక్ష్మభేదాలు మరుగున పడతవి. బాలమురళీకృష్ణగారి పాటలో రాగం మిగిలి సాహిత్యం జారిపోతుంది. పాత 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి ఎక్కించిన పాటలలోనైతే పెరిగేది సంగీతం కాదు, గురగుర.

అలాగని నేను మడికట్టుకొని కూర్చోలేదు. 100 హెర్ట్జ్ కింద 3 డెసిబెల్స్ పెంచుకొన్నాను, మొత్తం స్థాయిని అంతే తగ్గించి. లేకుంటే పెద్ద ధ్వనులు చిట్లుతవి. మృదంగం ఎడమచేతి గుంకీకి ఆ మాత్రం రవ్వ అవసరమే.

పైస్థాయిని మాత్రం ముట్టుకోలేదు. 10,000 హెర్ట్జ్‌కు పైన నాకిప్పుడు దాదాపు ఏమీ వినబడదు. పెంచుకోవచ్చు గదా అన్నాడొక శిష్యుడు. నాయనా, వినబడని దాన్ని పెంచబోయి, వినబడేదాన్ని కూడా పోగొట్టుకోనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. బయటి రొదను ఇవి బాగా అడ్డుకొంటవి గనుక బస్సులో కూడా నాకు చిన్న స్థాయే చాలుతుంది. నా దృష్టిలో పెట్టిన సొమ్ముకు దక్కిన మొదటి ఫలం ఇదే, నాదసౌఖ్యం దాని తరువాతే.

తీగ ఇప్పటికి రెండుసార్లు మార్చాను. మా మనుమడి తీగలేని ఇయర్‌ఫోనులు ఈ కాలంలోనే మూడు జతలు మారినవి; లోపల మూసివేసిన బ్యాటరీ నీరసిస్తే మార్చుకొనే దారి వాడికి లేదు. నా పెట్టెలో ఇంకా నాలుగు ఫిల్టర్లున్నవి.