యంత్రవేగానికి కళ్ళెం: నిప్పును ఆపాలా, ఇంధనాన్ని ఆపాలా?

అమెరికాలో పెరుగుతున్న మన యువకులలో కొందరికి కారు కేవలం ప్రయాణ సాధనం కాదు. పాత స్పోర్ట్స్ కారు కొని, దాని కంప్యూటరులోని అంకెలను మార్చి, ఇంజను శక్తిని పెంచుకోవడం వారికి ఒక విద్య, ఒక వినోదం. తల్లిదండ్రులు సాధారణంగా ఖర్చు గురించీ, శబ్దం గురించీ ప్రశ్నిస్తారు. నిజానికి ముందుగా అడగవలసిన ప్రశ్న వేరు: ఇంజను మితిమీరి తిరగకుండా ఏ పద్ధతిలో కట్టడి చేశారు?

కట్టడి ఎందుకంటే, పిస్టన్లపై పడే జడత్వ బలం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. నిముషానికి 7000 చుట్ల నుండి 8000 చుట్లకు పోతే వేగం పెరిగేది ఏడో వంతే; బలం పెరిగేది సుమారు 31 శాతం. 1999లో వెలువడిన హోండా ఎస్-2000 కారు ఇంజను దాదాపు 9000 చుట్లు తిరిగేది. ఆ వేగంలో పిస్టన్ పైకొసన ఆగి దిశ మార్చుకునేటప్పటి త్వరణం గురుత్వ త్వరణానికి 4000 రెట్లకు పైమాటే. హద్దు దాటితే కవాటాల స్ప్రింగులు కవాటాలను వేళకు మూయలేవు. కవాటం పిస్టన్‌కు తగిలితే ఇంజను అక్కడితో సరి.

కట్టడికి ప్రధాన మార్గాలు రెండు: స్పార్క్ ప్లగ్ నిప్పును ఆపడం, ఇంజెక్టరు ఇంధనాన్ని ఆపడం. కార్బురేటర్ల కాలంలో పెట్రోలును క్షణంలో ఆపే వీలు లేదు కనుక నిప్పును ఆపడమే సహజమైన ఉపాయం. నేటికీ పలువురు దానినే కోరుకుంటారు. అది చురుకుగా పనిచేస్తుంది. పైగా పొగగొట్టం నుండి వెలువడే పటపట శబ్దం, మంట చూపరులను ఆకర్షిస్తాయి.

ఆ మంటను రసాయనశాస్త్ర దృష్టితో చూడాలి. నిప్పు ఆగినా పెట్రోలు ఆగదు. కాలని పెట్రోలు, దానితోపాటు ఆక్సిజన్, వేడి పొగగొట్టంలోకి చేరతాయి. రెండు లీటర్ల ఇంజను 7000 చుట్ల వద్ద పూర్తి బలంతో పనిచేస్తే సెకనుకు సుమారు 10 గ్రాముల పెట్రోలు తాగుతుంది. నిప్పులలో నాలుగో వంతు ఆపినా, కాలని పెట్రోలులో దాగిన శక్తి 100 కిలోవాట్లకు మించుతుంది. అంటే ఒక్కొక్కటి వేయి వాట్ల విద్యుత్ హీటర్లు నూరు ఒకేసారి వెలిగించినట్లు. ఈ శక్తిలో అధికభాగం విడుదలయ్యేది కేటలిటిక్ కన్వర్టర్‌లోనే. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం సూక్ష్మకణాలు అతివేడికి ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉపరితలాన్ని కోల్పోతాయి. వేడి మరీ పెరిగితే తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మ కరిగి పొగదారినే మూసివేస్తుంది. ఇక కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులు శుద్ధి కాకుండా వీధిలోకి వస్తాయి. ఆ గాలిని పీల్చేది కారు నడిపినవాడు మాత్రమే కాదు.

ఇంధనాన్ని ఆపితే ఆ సిలిండరు వట్టి గాలిని మాత్రమే తోస్తుంది. మిగిలిన సిలిండర్ల పొగలోని కార్బన్ మోనాక్సైడు ఈ గాలితో కలిసి కొంత వేడి పుట్టించక మానదు. అయితే కాలని పెట్రోలు పుట్టించే వేడితో పోలిస్తే అది స్వల్పం.

ఈ పద్ధతిపై ఒక సమంజసమైన ఆక్షేపణ ఉంది. ఇంధనం అరకొరగా ఆగితే, గాలి గొట్టం గోడలకు అంటిన పెట్రోలు ఆవిరై పలుచని మిశ్రమం ఏర్పడుతుంది. టర్బో ఇంజనులో అది మండితే హానికరమైన విస్ఫోటనానికి దారితీయవచ్చు. ఈ భయం అకారణం కాదు. కానీ దీనికి విరుగుడు ఇంధనాన్ని వదలిపెట్టడం కాదు, సక్రమంగా ఆపడం. ఎంచుకున్న సిలిండరుకు ఇంధనాన్ని పూర్తిగా ఆపి, పలుచని మిశ్రమం మండకుండా దాని నిప్పును కూడా ఆపవచ్చు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కారులో హద్దుకు కొన్ని వందల చుట్ల ముందే థ్రాటిల్‌ను మెల్లగా మూస్తే గాలే తగ్గిపోతుంది. చివరి కోతకు పని తక్కువవుతుంది.

కనుక రహదారిపై తిరిగే కారుకు ముందు థ్రాటిల్, ఆపై ఇంధనం అన్న క్రమమే ఉచితం. నిప్పును మాత్రమే ఆపే పద్ధతి కన్వర్టర్ లేని పందెపు కార్లకే పరిమితం కావాలి. కన్వర్టర్‌నే తీసివేస్తే సమస్య ఉండదు కదా అనేవారు, రహదారి కార్లలో అలా చేయడం అమెరికా స్వచ్ఛ వాయు చట్టానికి విరుద్ధమని గుర్తుంచుకోవాలి. హద్దు ఎంత అన్నది కూడా మిత్రుల కారును చూసి కాక, తన ఇంజనులోని అత్యంత బలహీన భాగాన్ని చూసి నిర్ణయించాలి.

ఏ పద్ధతికైనా అందని ప్రమాదం ఒకటుంది. అతివేగంలో పొరపాటున గేరును నాలుగు నుండి మూడుకు బదులు ఒకటికి వేస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. అప్పుడు నిప్పు ఆపినా, ఇంధనం ఆపినా ఫలితం లేదు. కంప్యూటరు ఇంజను ఉత్పత్తి చేసే శక్తిని ఆపగలదు గాని, చేతి తొందరపాటును ఆపలేదు. ఆ కళ్ళెం మాత్రం నడిపేవాడి దగ్గరే ఉండాలి. దానిని అలవాటు చేయవలసింది ఇంటి పెద్దలు.