పట్టుకుపోయిన ఇంజను

మన కళాశాల వెనుక రేకుల షెడ్డులో ఉన్న పాత హెచ్.ఎం.టి. ట్రాక్టరును ఇనుము తూకానికి అమ్మివేయవలెనని కమిటీ పెద్దలు ఆలోచిస్తున్నట్లు విన్నాము. ఇంజను పట్టుకుపోయినదట, తిరుగదట, కనుక పనికిరాదట. ఈ 'కనుక' వద్దనే మాకు అభ్యంతరమున్నది.

చెకొస్లొవేకియా దేశపు జెటార్ సహకారముతో 1971లో హర్యానాలోని పింజోరులో ఈ ట్రాక్టర్ల తయారీ ఆరంభమైనది. ఆ విభాగమును మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. ఇటువంటిది మరల కొనబోయిన కొత్తది దొరకదు.

ఇంజను పట్టుకొనుట అనగానేమి? మూతలేని పొగగొట్టములో పడిన వాననీరు, తెరచియున్న వాల్వు గుండా సిలిండరులోనికి దిగుతుంది. రింగులకు, లైనరుకు నడుమ తుప్పు పుడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ సన్నని సందులో అదే మేకువలె బిగుస్తుంది.

దానిని విడిపించుటకు బలము కంటె వరుస ముఖ్యము. కొందరు గొలుసు కట్టి మరొక ట్రాక్టరుతో లాగిస్తారు. పిస్టను కదలదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పని తెలిసిన మిస్త్రీ అట్లు చేయడు. ముందు గేరును న్యూట్రలులో ఉంచి, బిగిసినది ఇంజనా, వెనుక భాగమా అని తేల్చుకొంటాడు. నాజిళ్లు విప్పి, డీజిలులో పలుచని నూనె కలిపి సిలిండర్లలో పోసి, వారము పది దినములు దాని జోలికి పోడు. వాల్వులు ఇరుక్కొనియున్నచో పుష్ రాడ్లు వంగునని రాకర్ షాఫ్టును సడలిస్తాడు. తరువాత ఫ్లైవీలు పళ్లకు కడ్డీ ఆనించి ముందుకు వెంట్రుకవాసి, వెనుకకు వెంట్రుకవాసి ఊపుతాడు. అప్పటికిని కదలనిచో హెడ్డు విప్పి, పిస్టనుపై కొయ్యదిమ్మె పెట్టి మెల్లగా కొడతాడు. కదలిన పిమ్మట కూడ, పోసిన నూనె బయటికి తీయనిదే సెల్ఫు కొట్టనివ్వడు. ద్రవము గాలివలె అణగదు, దానిని అణచబోయిన రాడ్డే వంగుతుంది.

ద్రవములు అణగవనియు, ఇనుము తుప్పుపట్టుననియు మేము పుస్తకములలో చదివి మార్కులు తెచ్చుకొన్నవారమే. ఆ రెండింటినీ ఎదుట పెట్టుకొని పది దినములు వేచియుండు సబ్ర్ మాత్రము ఉస్తాదుల వద్దనే ఉన్నది.

మనలో మెకానిక్కుల బిడ్డలు తక్కువేమీ కారు. ప్రవేశపత్రములో తండ్రి వృత్తి ఎదుట 'వ్యాపారము' అని వ్రాసిన మిత్రులను మేమెరుగుదుము. ఆ సిగ్గు వారొక్కరిదేనా? వార్షికోత్సవ వేదికపై వకీళ్లకు, డాక్టర్లకు శాలువలు కప్పుచున్న మనము ఒక్క మిస్త్రీనైనను పిలిచితిమా?

అందుచేత కమిటీవారికి మా విన్నపము: రెండు నెలల గడువు ఇవ్వండి. పదిమంది విద్యార్థులను ఒక ఉస్తాదుకు అప్పగించి, ఆయనకు అధ్యాపకునికిచ్చు గౌరవవేతనమే ఇప్పించండి. లైనరు గుంటలు పడియున్నచో లైనరు, పిస్టను, రింగులు మార్చవలసి వచ్చును. విడిభాగములకు వెదకులాట, ఖర్చు తప్పవు. అయితే ఆ సంగతి హెడ్డు విప్పిన తరువాత గాని తెలియదు. విప్పి చూడకయే తూకము వేయుట మాకు సమ్మతము కాదు.

నిర్ణయమేదైనను దానికి కొంత కాలము పట్టును. షెడ్డు రేకుకు పడిన చిల్లు సరిగా పొగగొట్టము మీదనే ఉన్నది. ఈలోపల దానిపై ఒక ఖాళీ డబ్బా బోర్లింపజేయవలెనని కోరుచున్నాము.