రైతు బొమ్మ వెనకాల నెర్రెలెందుకు?

మన కాలేజీలో ఏ సభ జరిగినా ముందు పోస్టరు పుడుతుంది, తర్వాతే ఉపన్యాసం. ఆ పోస్టరు మీది అక్షరాల్లో తప్పులు పట్టేవాళ్లు పదిమంది ఉంటారు గానీ, అక్షరాల వెనకాల ఏం పరిచారో చూసేవాళ్లు కనబడరు. నా పేచీ ఆ బ్యాక్‌గ్రౌండుతోనే. ‘రైతు’ అన్న మాట ఉంటే చాలు, నెర్రెలు విచ్చిన నేల ఫొటో ఒకటి ఇంటర్నెట్టులోంచి దించి అతికించేస్తారు. కరువు మీద చర్చకూ అదే, గిట్టుబాటు ధర మీద సభకూ అదే. ఒకసారి సంక్రాంతి ముగ్గుల పోటీక్కూడా అదే!

మాది నంద్యాల వైపు నల్లరేగడి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అందులోని బంకమన్ను గుణమే అంత. వానలు వెనకబట్టాక శనగ వేస్తాం. నేలలో దాగిన తడి మీదే ఆ పైరు బతికి కాపుకొస్తుంది. పైరు తడిని తాగేకొద్దీ నేల విచ్చుకుంటుంది. మాఘమాసం వచ్చేసరికి చేలో కాలివేళ్లు దూరేంత నెర్రెలుంటాయి, ఆ నెర్రెల మధ్యనే శనగ కోస్తాం. పైమట్టి కొంత వాటిల్లోకి రాలుతుంది, వాన పడగానే అవి మూసుకుంటాయి, అలా నేల తనంతట తానే కలియబడుతుంది. దున్నకుండానే దున్నుకునే నేల అని మా నాయన దాన్ని మెచ్చుకుంటాడు. అదే నేల పోస్టరులో చావుకు గుర్తుగా కనబడుతుంది. కరువు లేదనడంలేదు సుమా! కరువు గురించి చెప్పేటప్పుడు పెట్టండి, కాదనను. రైతు పేరెత్తగానే ఆ ఫొటో పెట్టడం మాత్రం సోమరితనమే.

“మరేం పెట్టమంటావోయ్?” అంటారు. చేసుకోమంటాను. గింప్ అనే సాఫ్ట్‌వేరు 1996 నుంచి ఉచితంగా దొరుకుతోంది. అందులో ‘పెర్లిన్ నాయిస్’ అని ఒకటుంది. కెన్ పెర్లిన్ అనే ఆయన 1982లో వచ్చిన ‘ట్రాన్’ సినిమాకు పనిచేశాక, కంప్యూటరు బొమ్మల నున్నదనం నచ్చక కనిపెట్టిన లెక్క అది. 1985లో ప్రచురించాడు, 1997లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. చుక్కచుక్కకీ సంబంధం లేకుండా వేస్తే పాత టీవీలో చీమలు పాకినట్టుంటుంది. పెర్లిన్ లెక్కలో పక్కపక్క చుక్కలు మెల్లగా మారతాయి. పెద్ద మచ్చల పొర మీద దానిలో సగం మచ్చల పొర, దాని మీద ఇంకా చిన్నవి కలుపుకుంటూ పోతే మబ్బూ, పాలరాయీ, మట్టీ అన్నీ వస్తాయి.

అయినా నా ఓటు ఫొటోకే. మిషను చేసిన గరుకు ఏ వైపు నుంచి చూసినా ఒకటే. అమ్మ పేడతో అలికిన అరుగు అలా ఉండదు. అయిదు వేళ్ల చారలు చెయ్యి తిరిగినంత మేర వంపు తిరిగి, మళ్లీ మొదలవుతాయి. గోనెసంచిలో నిలువు పోగు వేరు, అడ్డపోగు వేరు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేప్పుడు తీయండి, ప్రతి పోగుకూ నీడ దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే చప్పగా ఉంటుంది. దాన్ని నలుపు తెలుపు చేసి, కింద రంగు పొర ఉంచి, ‘మల్టిప్లై’లో పెట్టండి. పేరుకు తగ్గట్టు అది గుణకారమే: 128ని 128తో గుణించి 255తో భాగిస్తే 64. అంటే ఎప్పుడూ ముదురే అవుతుంది, కాబట్టి రంగు లేతది తీసుకోవాలి, లేకపోతే అక్షరాలు మునిగిపోతాయి.

ఏ4 కాగితం మీద శుభ్రంగా అచ్చు పడాలంటే 2480 బై 3508 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. నెర్రెలే కావాలని పట్టుబట్టేవాళ్లు మాఘంలో మా ఊరికి రండి, నేనే చేలోకి తీసుకెళ్తాను. పక్కనున్న శనగ మొక్కను మాత్రం ఫొటోలోంచి కత్తిరించకండి.