ముప్పై వేల హెడ్‌ఫోన్, మన హాస్టల్ గది



మొన్న మన గ్రూపుల ఒక తమ్ముడు మంచి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ ఏదని అడిగితే సగం మంది "తండాల పుట్టినోనికి గవెందుకురా" అని నవ్విన్రు. మిగతా సగం ఈఎంఐ లింకులు పెట్టిన్రు. నాకు రెండూ నచ్చలే.

నేను సూర్యాపేటల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటోన్ని నేనే. ముప్పై వేల వస్తువు గురించి నాకెట్ల తెలుసంటే, కోదాడల ఉండే మా పెద్దనాయన కొడుకుకు హైదరాబాద్‌ల ఉద్యోగం. దసరాకు వచ్చినప్పుడు తన సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 నాకు పది రోజులు వాడుకొమ్మని ఇచ్చిండు. 2022ల వచ్చిన మోడల్ అది.

కోదాడ బస్టాండ్ల బస్సెక్కి పెట్టుకున్న. ఇంజన్ మోత ఎటో పోయింది. హైవే మీద లారీలు కిటికీ పక్కనుంచే పోతున్నయి, ఏదో దూరం నుంచి పోతున్నట్టు. సూర్యాపేట వచ్చేసరికి ఎకనామిక్స్‌ల ఒక చాప్టర్ చదివేసిన. బస్సుల చదవడం నా జీవితంల అదే మొదలు. ఇది డబ్బున్నోళ్ల సోకు అని నేనిక అనను.

కానీ అదే హెడ్‌ఫోన్ హాస్టల్ల అంత పనిచెయ్యలే. ఎందుకంటే, బయటి చప్పుడును చిన్న మైకులు పట్టుకుంటయి, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని లోపల వదుల్తయి. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. ఇంజన్, ఫ్యాను, విమానం లెక్క ఒకే తీరుగ సాగే బరువైన మోతకు ఇది మస్తు పనిచేస్తది. బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కు ఈ ఆలోచన వచ్చింది కూడ 1978ల విమానంలనే. మనుషుల మాటలు, రీల్స్ అట్ల కాదు. క్షణక్షణం మారుతుంటయి, సన్నగ ఉంటయి. తగ్గుతయి గానీ పోవు. మా గదిల ఎనిమిది మందిమి. మాది ఇంజన్ మోత కాదు, మాటల మోత.

ఇంటికి పోయినప్పుడు మాత్రం మళ్ల బ్రహ్మాండం. మా తండా మిర్యాలగూడ దగ్గర, పక్కనే రైస్ మిల్లు. సీజన్ల రాత్రి పగలు గుయ్యిమంటది. ఆ గుయ్యి బందైంది. యాడి పిలుపు కూడ బందైంది. మూడోసారికి చీపురు వచ్చి నా వీపు మీద పడ్డది. నవ్వకున్రి, రోడ్డు మీద పెట్టుకుంటే చీపురు బదులు లారీ వస్తది.

ఇగ పైసల సంగతి. మన కాలేజీ హాస్టళ్లల్ల మెస్ చార్జీ 2024 నవంబర్‌ల 1,500 నుంచి 2,100కు పెంచిన్రు. ముప్పై వేలంటే ఒక పిల్లగాని పద్నాలుగు నెలల తిండి. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడ్తదో తెల్వని మనం, నెల నెలా తప్పక కట్టే ఈఎంఐ నెత్తినేసుకోవద్దు. ఉద్యోగం ఉండి వారం వారం ఊరికీ పట్నానికీ తిరిగేటోళ్లు కొనున్రి, సిగ్గుపడే పని లేదు. కొనేముందు పెట్టుకొని చూడున్రి, మన ఎండకు చెవులు ఉడుకుతయి. ఎక్స్ఎం5 ముడుచుకోదు, బ్యాగుల జాగ తింటది. పాత ఎక్స్ఎం4 ముడుచుకుంటది, బ్యాటరీ దానికీ ముప్పై గంటలే. ప్రయాణానికి నేనైతే పాతదే అంట.

చదువుకునే పిల్లలకు రెండు మూడు వేలల్ల వచ్చే నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ బస్సుకు చాలు. హాస్టల్ల మాటలకు మెడికల్ షాపుల దొరికే స్పంజు ఇయర్ ప్లగ్గులు పెట్టుకున్న, నాకైతే నయమనిపించింది. పాటల సౌండ్ పెంచి చప్పుడును తొక్కుదామని చూడకున్రి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంతకన్న పెంచితే ఆ గంటలు బాగ తగ్గుతయి.

అసలు నాకు కోపం వేరే దాని మీద. చదువుకోను నిమ్మళమైన జాగ కావాలంటే ఎవని చెవులు వాడే కొనుక్కోవాల్నా? మా హాస్టల్ల రీడింగ్ రూమ్ అని బోర్డున్న గదిల పాత మంచాలు పెట్టి తాళమేసిన్రు. సోమవారం మేం పదకొండు మందిమి సంతకాలు పెట్టి వార్డెన్ సార్‌కు లెటర్ ఇస్తున్నం. మంచాలు తియ్యాలె, రాత్రి 8 నుంచి 10 దాకా ఎవరూ ఫోన్ స్పీకర్ పెట్టొద్దు. రెండో దానికి ముందు మా గదోళ్లే ఒప్పుకోవాలె, అదే కష్టం.

కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లోళ్లు, మీ దగ్గర రీడింగ్ రూమ్ తెరిచి ఉన్నదా లేదా కింద రాయున్రి.