బొటనవేళ్ళు ఎవరు నరికారు?

మన సభల్లో ఒక అలవాటు స్థిరపడిపోయింది. చేనేత మీద ఉపన్యాసం అనగానే వక్త గొంతు సవరించుకుంటాడు, ఒక గుక్క మంచినీళ్ళు తాగుతాడు, "లాంకషైర్ దొరలు మన నేతగాళ్ళ బొటనవేళ్ళు నరికారు" అంటాడు. చప్పట్లు. ఆ తర్వాత అగ్గిపెట్టెలో పట్టే చీర. మళ్ళీ చప్పట్లు. ఆపైన ఉప్మా. ఈ మాట నేను షోలాపూర్‌లో విన్నాను, భివండిలో విన్నాను, బళ్ళారిలో ఒక పెళ్ళిపందిట్లో కూడా విన్నాను. మా తాత మగ్గంగుంటలో కాళ్ళు పెట్టుకుని బతికినవాడు. మా నాన్న సాంచాల మీద బతికినవాడు. ఆ ఇద్దరి పేరు చెప్పుకుని అడుగుతున్నాను: ఎవరు నరికారు? ఎక్కడ? ఎప్పుడు?

ఈ కథకు ఆధారంగా దొరికేది 1772లో విలియం బోల్ట్స్ అచ్చువేసిన పుస్తకం. బోల్ట్స్ ఈస్టిండియా కంపెనీలో కొలువు చేసి, దానితోనే తగువుపడి బెంగాల్ నుంచి వెళ్ళగొట్టించుకున్నవాడు. ఆయన రాసింది బెంగాల్ సంగతి. నేతగాళ్ళ గురించి కాదు, పట్టుదారం తీసేవాళ్ళ గురించి. నరికింది దొరలూ కాదు. కంపెనీ గుమాస్తాల బలవంతపు చాకిరీ తప్పించుకోవడానికి ఆ పనివాళ్ళే తమ బొటనవేళ్ళు తాము కోసుకున్న సందర్భాలున్నాయని ఆయన రాశాడు. అప్పటికి లాంకషైర్‌లో మరమగ్గం లేనేలేదు. కార్ట్‌రైట్ అనే మతాచార్యుడు దానికి పేటెంటు పుచ్చుకున్నది 1785లో. అది నిలకడగా ఆడడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది. కనుక బొటనవేళ్ళ పాపం లండన్‌లో కూర్చున్న కంపెనీది, ఇక్కడ దాని తరఫున కర్ర పట్టుకు తిరిగిన మన గుమాస్తాలది. మనిషి తన వేలు తానే కోసుకునే దాకా తెచ్చిన పద్ధతి, కత్తి పట్టిన దొర కంటే ఘోరమైనది. ఆ ఘోరాన్ని కూడా మనం చప్పట్ల కోసం చౌక చేసేశాం.

అసలు లాంకషైర్ అంటే ఏమిటి? ఇంగ్లండుకు వాయవ్యాన, ఒకపక్క ఐరిష్ సముద్రం, ఇంకోపక్క పెన్నైన్ కొండలు ఉన్న కౌంటీ. ఎప్పుడూ ముసురు. గాలిలో తడి ఉంటే పత్తినూలు తెగదు. కాళ్ళ కింద బొగ్గు, కొండవాగుల్లో మెత్తటి నీళ్ళు, చేరువలో లివర్‌పూల్ రేవు. ఉన్నీ, నారా నేసుకునే బీద సీమ అది. ఇంగ్లండు జనానికి పత్తిబట్ట మీద మోజు పుట్టించింది మన సరుకే, అందులో మచిలీపట్నం వైపు నుంచి పోయిన అద్దకపు గుడ్డ ఒకటి. దాని ధాటికి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెడితే పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి అద్దకం బట్టను నిషేధించింది. రెండో నిషేధం 1774 దాకా నడిచింది. ఆ కంచె చాటున ఎదిగిన మొక్క లాంకషైర్ పత్తి పరిశ్రమ. దానికి ఎరువు వేసింది లివర్‌పూల్ బానిస వ్యాపారం, అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తిచేలల్లో నల్లవాళ్ళ చెమట. ఇది మన వక్తలు ఎన్నడూ చెప్పరు.

యంత్రాలు కట్టినవాళ్ళు పెద్దింటి దొరలా? బ్లాక్‌బర్న్ దగ్గర పల్లెలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ మామూలు నేతగాడు. జెన్నీ తయారుచేశాడని 1768లో ఇరుగుపొరుగు వచ్చి వాటిని విరగ్గొడితే నాటింగ్‌హామ్‌కు పారిపోయాడు. బోల్టన్ మనిషి శామ్యూల్ క్రాంప్టన్ 1779లో మ్యూల్ యంత్రం చేశాడు, పేటెంటు లేదు. దాని మీద ఊరంతా కోటీశ్వరులయ్యాక 1812లో పార్లమెంటు 5000 పౌన్లు దానం చేసింది. పేదగానే పోయాడు. విగ్గులు అల్లి బతికిన ప్రెస్టన్ మంగలి ఆర్క్‌రైట్ ఒక్కడే లెక్క తెలిసినవాడు, సర్ బిరుదు కూడా సంపాదించాడు.

ఈ యంత్రాలు మొట్టమొదట చంపింది మగ్గాన్ని కాదు. రాట్నాన్ని. అక్కడా ఆడవాళ్ళ పనే పోయింది, ఇక్కడా ఆడవాళ్ళ పనే పోయింది. లాంకషైర్ నూలు దిగాక మన మగ్గాలు ఆ నూలు మీదే చాలాకాలం నడిచాయి. మా తాత పడుగు వేసిందీ మిల్లునూలుతోనే. ఇంటింటా రాట్నం మీద ఇంత కూడు సంపాదించుకునే ముసలమ్మలూ, మొగుడు పోయిన ఆడవాళ్ళూ ఏమైపోయారు? బొటనవేళ్ళ కథలో ఒక్క ఆడమనిషి కూడా లేదు, గమనించారా?

ఇక మగ్గం సంగతి. 1820ల్లో బ్రిటన్‌లో పత్తి చేమగ్గం మీద బతికేవాళ్ళు 2 లక్షలకు పైనే, అందులో ఎక్కువమంది లాంకషైర్‌లోనూ దాని చుట్టుపక్కలానూ. బోల్టన్‌లో 1800 ప్రాంతాల వారానికి 25 షిల్లింగులు కళ్ళజూసిన నేతగాడికి 1830 నాటికి ఆరు షిల్లింగులు కూడా గిట్టలేదు. ఒక తరంలో! వాళ్ళేమీ నోరు మూసుకుని చావలేదు. 1812లో వెస్ట్‌హాటన్ మిల్లు తగలబెట్టారు, నలుగురిని ఉరితీశారు. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో సెయింట్ పీటర్ మైదానంలో సుమారు 60 వేల మంది, పండగ బట్టలు కట్టుకుని, పిల్లాజెల్లాతో, ఓటుహక్కు అడగడానికి చేరితే గుర్రపు రౌతులు కత్తులు దూసి పడ్డారు. 18 మంది దాకా చచ్చిపోయారు, వందలమంది గాయపడ్డారు. మిడిల్టన్ నుంచి జనాన్ని బారులు తీర్చి తెచ్చిన శామ్యూల్ బామ్‌ఫర్డ్ నేతగాడే, జైలుకు పోయాడు. (సరిగ్గా నూరేళ్ళకు అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్. ఆ ప్రభుత్వానికి అలవాటైన చెయ్యి.) 1826 ఏప్రిల్‌లో నాలుగు రోజుల్లో వెయ్యికి మించి మరమగ్గాలు పగలగొట్టారు. చాటర్టన్‌లో సిపాయిల తూటాలకు ఆరుగురు పోయారు. మన మగ్గం మీదికి వచ్చిన చక్రం ముందు వాళ్ళ మగ్గం మీదుగా దొర్లి వచ్చింది.

అయితే లాంకషైర్ నిర్దోషి అంటావా అని ఎవరైనా అడగవచ్చు. అనను. అసలు నేరం నేను చెబుతాను, కత్తి కంటే సన్ననిది, కాగితం మీద జరిగింది. మన బట్ట ఇంగ్లండులో దిగాలంటే నూటికి 70, 80 వంతున సుంకం వేసిన కాలంలో వాళ్ళ బట్ట ఇక్కడ రెండున్నర, మూడున్నర శాతంతో దిగింది. 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు జిల్లాలు శ్మశానాలయ్యాయి. ఖజానా ఖాళీ. అలాంటి సమయంలో, 1879లో, వైస్రాయి లిట్టన్ తన కౌన్సిల్లో ఎక్కువమంది వద్దంటున్నా తోసిపుచ్చి ముతకబట్ట మీద దిగుమతి సుంకం ఎత్తేశాడు. మాంచెస్టర్ మిల్లు యజమానులు ఏళ్ళ తరబడి పట్టుబట్టింది అదే. 1882లో మిగతావీ పోయాయి. డబ్బు చాలక 1894లో మళ్ళీ సుంకం వెయ్యక తప్పలేదు. చివరికి 1896లో కుదిరిన లెక్క చూడండి: లాంకషైర్ బట్ట మీద 3.5 శాతం, దానికి సరిసమానంగా ఇండియా మిల్లుల బట్ట మీద 3.5 శాతం ఎక్సైజు. తమ ఇంట్లో తాము నేసిన గుడ్డకు, పరాయివాడితో సమంగా! ముప్పై ఏళ్ళకు, 1926లో గాని అది రద్దు కాలేదు. ఈ ఎక్సైజు పడింది మిల్లు మీద, మగ్గం మీద కాదు. నిజమే. కాని షోలాపూర్ మిల్లుల్లో కూలికి నిలబడ్డది ఎవరు? మగ్గం వదిలి తెలంగాణా నుంచి నడిచివచ్చిన మన పద్మశాలీలే కదా. ఈ 3.5 సంగతి ఏ వేదిక మీదా నేను వినలేదు. దానికి చప్పట్లు రావు కాబోలు.

పోనీ లాంకషైర్ కూలివాడికి ఏమైనా మిగిలిందా? అమెరికా అంతర్యుద్ధంలో, 1861 నుంచి 65 దాకా, పత్తి రాక మిల్లులు మూతపడ్డాయి. ఇటు కాకినాడ రేవు పత్తి ఎగుమతులతో పుంజుకున్నదీ ఆ రోజుల్లోనే, యానాం పాఠకుల పెద్దలకు ఆ రేవు తెలిసే ఉంటుంది. అక్కడేమో లక్షలమంది ధర్మపు గంజి మీద. అలాంటి ఆకలిలో 1862 డిసెంబరు 31న మాంచెస్టర్‌లో సభ చేసి, బానిసత్వం మీద పోరాడుతున్న లింకన్‌ను సమర్థిస్తూ ఉత్తరం రాశారు. మరుసటి నెలలోనే లింకన్ జవాబిచ్చాడు. అందరూ అలా లేరు, దక్షిణాది పత్తి వస్తే చాలునన్నవాళ్ళూ ఉన్నారు. ఆకలి అలాంటిది. అమెరికా పత్తికి బదులు మన పొట్టిపింజ పత్తి వచ్చింది. చీటికీ మాటికీ తెగే ఆ నూలుతో కూలి గిట్టక వాళ్ళు దాన్ని శాపనార్థాలు పెట్టారు. 'సూరత్' అన్న మాటే అక్కడ నాసిరకానికి తిట్టయి కూర్చుంది. మనం లాంకషైర్‌ను తిట్టుగా వాడినట్టే!

బ్లాక్‌బర్న్, డార్వెన్ ఊళ్ళలో నేసిన గొప్ప సరుకు ఏమిటో తెలుసా? ధోవతి. 'ధూటీ' అని వాళ్ళ వర్తకపు మాట. 1913లో బ్రిటన్ ఎగుమతి చేసిన సుమారు 700 కోట్ల గజాల పత్తిబట్టలో 300 కోట్ల దాకా ఒక్క ఇండియాకే. ఆ ధోవతి కట్టుకోనన్న మనిషి 1931 సెప్టెంబరులో తానే డార్వెన్‌కు పోయాడు. పనిపోయినవాళ్ళ మధ్య కూర్చుని, మీ బాధ తెలుసు, కాని నా దేశంలో పని లేనివాళ్ళు కోట్లమంది అని మొగమాటం లేకుండా చెప్పాడు గాంధీ. మిల్లు ఆడపిల్లలు ఆయన చుట్టూ చేరి చేతులెత్తి కేరింతలు కొడుతున్న ఫొటో పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. తిట్టవలసిన చోట తిట్టడం, కలవవలసిన చోట కలవడం ఆయనకు తెలుసు. మనకు మొదటిది కూడా సరిగ్గా రాదు.

మనబోటి వాళ్ళం, అంటే గీతకు ఇవతల ఉండిపోయినవాళ్ళం, లాంకషైర్ నుంచి తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. 1974 ఏప్రిల్ 1న ప్రభుత్వం కౌంటీల హద్దులు మార్చింది. మాంచెస్టర్, లివర్‌పూల్, బోల్టన్, రాచ్‌డేల్, ఓల్డ్‌హామ్ అన్నీ పాలనా లెక్కల్లో లాంకషైర్ కాకుండా పోయాయి. పైగా యార్క్‌షైర్ నుంచి బార్నాల్డ్‌స్విక్ లాంటి ఊళ్ళు తెచ్చి ఇందులో కలిపారు. 1953, 56 చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అయినా లాంకషైర్ క్రికెట్ జట్టు ఈనాటికీ ఆడేది ఓల్డ్ ట్రఫర్డ్‌లోనే, ఆ మైదానం ఆ కౌంటీ పాలనలో లేదు! బోల్టన్ ముసలివాళ్ళు తాము లాంకషైర్ వాళ్ళమనే చెప్పుకుంటారు. ఆ బలం యాస నుంచి వచ్చిందని నా నమ్మకం. వాళ్ళ పలుకును లండన్ వాళ్ళు మోటు అన్నారు. రాచ్‌డేల్‌లో పుట్టిన ఎడ్విన్ వా ఆ మోటు పలుకులోనే పద్యాలు రాస్తే కూలి జనం ఎగబడి కొన్నారు. పత్తి కరువు పాటలూ అందులోనే పుట్టాయి. మన మాటలో మరాఠీ కలిసిందని, కన్నడం కలిసిందని, తమిళం కలిసిందని హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చే అతిథులు ముసిముసిగా నవ్వితే, మన పిల్లల్ని 'శుద్ధంగా' మాట్లాడమని వెనక నుంచి గిల్లేవాళ్ళం మనం.

మరమగ్గాల రొదలో మాట వినపడదు. అందుకని లాంకషైర్ నేత ఆడవాళ్ళు పెదవులు విప్పి, మొహం తిప్పి, చప్పుడు లేకుండా మాట్లాడుకోవడం నేర్చారు. 'మీ-మా' అని దానికి పేరు. పని దిగి వీధిలోకి వచ్చాక కూడా అలాగే మాట్లాడుకునేవారట. మా నాన్నకు యాభై ఏళ్ళకే చెవులు పోయాయి. ఇంట్లో మా అమ్మ ఆయనతో సరిగ్గా అలాగే మాట్లాడేది. మా వాడలో దానికి పేరు పెట్టినవాడు లేడు, రాసినవాడు లేడు.

ఆ సాంచాలు కూడా ఎక్కడివనుకున్నారు? 1842లో బ్లాక్‌బర్న్‌లో తయారైన లాంకషైర్ మగ్గానికి మనుమలే మన మామూలు సాంచాలు. అయితే మా ఇంట్లో మగ్గం పీకించి, అప్పు అంటగట్టి, పన్నెండు గంటల పాళీకి మా నాన్నను నిలబెట్టింది ఏ లాంకషైర్ దొరా కాదు. మన కులంవాడే, మన భాషవాడే. సభకు చందా రాసేదీ, మొదటి వరసలో కూర్చునేదీ అటువంటివాళ్ళే. బొటనవేళ్ళ కథకు అందరికంటే ముందు చప్పట్లు కొట్టేదీ వాళ్ళే.

రాచ్‌డేల్‌లో 1844లో 28 మంది పనివాళ్ళు తలా ఒక పౌను వేసుకుని వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు అమ్మే కొట్టు పెట్టారు. కల్తీ లేదు, అరువు లేదు, మనిషికి ఒక ఓటు. మన చేనేత సహకార సంఘాల నియమావళులన్నిటికీ ఆ కొట్టే తాత. మన సంఘాల్లో ఓట్లు ఎలా పడతాయో నేనిక్కడ రాయను, పాఠకులకు తెలుసు.

1960, 70ల్లో లాంకషైర్ మిల్లులు వరసగా మూతపడ్డాయి. చివరి రోజుల్లో రాత్రి పాళీలు నడిపింది గుజరాత్ నుంచి, పాకిస్తాన్ నుంచి పోయినవాళ్ళు. బర్న్‌లీలో ఆవిరితో నడిచిన క్వీన్ స్ట్రీట్ మిల్లు 1982లో ఆగింది. మూడు వందలకు పైగా మగ్గాలతో దాన్ని మ్యూజియం చేశారు.

వచ్చే వార్షికోత్సవానికి వక్తను పిలిచే కార్యదర్శిగారికి నా మనవి ఒకటే. ఆయనగారికి ముందుగా ఒక కార్డు రాయండి. బొటనవేళ్ళు వద్దు, మూడున్నర శాతం గురించి చెప్పమనండి. తర్వాత సాంచా యజమానులు కూర్చునే మొదటి వరస వైపు తిరిగి, ఈ ఊళ్ళో గజానికి కూలి ఎంత అని అడగమనండి.